మందులు: లేవు

సీటీ గదిలో మనిషిని బల్ల మీదికి ఎక్కించే ముందు చేయవలసిన పనులు ఏడు. తలుపు పక్కన గోడకు అంటించిన తెల్ల అట్ట మీద అవి నీలం సిరాతో, గుండ్రటి చేతిరాతలో వరుసగా ఉన్నాయి.

1. డాక్టరు సంతకం ఉన్న కాగితం చూడాలి.
2. అరవై దాటినవారికి క్రియాటినిన్ రిపోర్టు వచ్చేవరకు ఆగాలి.
3. ఎప్పుడు తిన్నారో అడగాలి.
4. వాడుతున్న మందులు అడిగి ఫారంలో రాయాలి.
5. ఒంటి మీది లోహపు వస్తువులు తీయించాలి.
6. ఊపిరి బిగపట్టడం ముందే నేర్పాలి.
7. వెంట వచ్చినవారి సంతకం తీసుకోవాలి.

మంజుల ఈ ఆసుపత్రిలో రేడియోగ్రాఫరుగా చేరి రెండేళ్లయింది. ఆళ్లగడ్డలో ఏడు గంటల బస్సెక్కి నంద్యాలలో దిగి, ఎనిమిదిన్నరకల్లా గది తలుపు తీస్తుంది. యంత్రం సిద్ధమయ్యేలోపు బల్ల మీద ఉతికిన దుప్పటి పరుస్తూ, అట్ట వంక చూడకుండానే ఏడూ మనసులో చదువుకుంటుంది. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి తనే. ఏదైనా తేడా వస్తే వెనక నిలబడి మాట్లాడేవాళ్లు లేరు కాబట్టి, రాసి ఉన్నది రాసి ఉన్నట్టు చేయడమే తనకు దిక్కని ఆమె నమ్మకం.

ఆ మంగళవారం తలుపు తీసేసరికి బయట బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకామె లావుగా, ఒళ్లో ప్లాస్టిక్ సంచి పెట్టుకుని దారిన పోయే ప్రతి మనిషినీ చూస్తోంది. ఇంకొకామె సన్నగా, ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల వంక చూస్తోంది. గోళ్ల సందుల్లో బురద ఎండి నల్లగా ఉంది.

"యాడ్నుంచి వచ్చినారవ్వా?" అని అడిగింది మంజుల.

"దొర్నిపాడు పాపా. నా పేరు రంగమ్మ. ఈమె ఏసమ్మ" అంది లావుపాటామె. "నొప్పి ఆమెది. తిరుగుడు నాది."

ఏసమ్మ తల ఎత్తకుండానే నవ్వింది. "పొద్దున్నుంచీ ఇదే పాట పాడతాంది."

కాగితం మీద డాక్టర్ అజయ్ కుమార్ సంతకం ఉంది. వయసు డెబ్బై రెండు. నిన్న మధ్యాహ్నం నుంచి కడుపు నొప్పి. జ్వరం లేదు. కడుపు మెత్తగా ఉంది. నిలబడలేకపోతున్నందున ఎక్స్‌రే పడుకోబెట్టి తీశారు, అందులో తేడా ఏమీ కనపడలేదు. కింద 'సీటీ' అని రాసి గీత గీశాడు. మంజుల ఫారం తీసి బెంచీ పక్కన మోకాలి మీద కూర్చుంది.

"ఎంత నొప్పి ఉండాది అవ్వా?"

"ఉండాది కొంచెం."

"కొంచమంట" అంది రంగమ్మ. "నేను చెప్తా రాసుకో. మా నాట్ల గుంపులో ఇరవై మందిమి. నేనే మేస్త్రిని. ఈమె మాదిరి వరసగా నాటు ఏసేటోళ్లు గుంపులో లేరు. అట్లాటిది, నిన్న బువ్వ పొద్దుకు ముందర, నారుకట్ట కింద పెట్టి పొయ్యి మడి గనిమ మీద కూసునింది. ఏసమ్మ గనిమ మీద కూసోడం నేను ఇరవై ఏండ్లలో సూళ్లేదు. అందుకే ఆటో మాట్లాడి ఎత్తుకొచ్చినా."

"వాన పడి గనిమ నున్నగా ఉంటే కూసున్నా" అంది ఏసమ్మ.

"నీ మొగం. నున్నగా ఉంటే జారి పడతారు, కూసుంటారా."

మంజుల కూడా నవ్వింది. గట్టు మీద కూర్చున్నారు అన్న మాట రాయడానికి ఫారంలో గడి లేదు. 'నొప్పి' అన్నచోట 'కొంచెం' అని రాసింది.

"ఎప్పుడు తిన్నావు?"

"నిన్న పొద్దున. ఆడ్నుంచి నోట్లోకి ఏమీ పోలేదు."

"మందులేమన్నా వాడతాండావా? షుగరుకు, బీపీకి, గుండెకు?"

"ఏమీ లేవు పాపా."

"ఆమెకు మందులేంది" అంది రంగమ్మ. "ముగ్గురు బిడ్డల్నీ గుడిసెలోనే కనింది. ఆస్పత్రి వాసనకే తల తిరుగుతాది ఆమెకు."

మంజుల 'మందులు' అన్న గడిలో 'లేవు' అని రాసింది. అక్షరాలు గుండ్రంగా, గోడ మీది అట్ట రాసిన కృష్ణస్వామి రాతలాగే వచ్చాయి.

ఇక మిగిలింది రెండోది, కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు. ఏసమ్మ రక్తం ఉదయమే తీశారు. ఆసుపత్రి ల్యాబులో యంత్రం పాడై మూడు రోజులైంది. రక్తాలన్నీ ఊళ్లో వేరేచోటికి పంపుతున్నారు. రిపోర్టు సాయంత్రం రావచ్చు, రేపు పొద్దున రావచ్చు.

"రిపోర్టు వచ్చేదాకా ఈడనే కూసోవాలవ్వా."

"కూసుంటాం" అంది ఏసమ్మ.

పదకొండు గంటలకు ఎమర్జెన్సీ నుంచి అజయ్ కుమార్ ఫోన్ చేశాడు. వెనక ఎవరో ఏడుస్తున్నారు.

"ఏసమ్మ సీటీ అయిందా?"

"క్రియాటినిన్ రాలేదు సార్."

"మందులేమైనా వాడుతోందా? నొప్పి బిళ్లలు, అలాంటివి?"

"ఏమీ లేవు సార్. అడిగి రాసినాను."

"సరే. కడుపు మెత్తగానే ఉంది కదా. గ్యాసే అయుంటుంది. రిపోర్టు రానీ, చూద్దాం."

మంజుల ఫోన్ పెట్టేసింది. తలుపు తీసింది. చాగలమర్రి దగ్గర మోటారుసైకిలు మీంచి పడిన కుర్రవాడిని స్ట్రెచర్ మీద లోపలికి తోశారు. అతని తలకు సీటీ పావుగంటలో అయిపోయింది. ఆ తరువాత మూత్రంలో రాయి ఉందేమోనని ఒకతను వచ్చాడు. ఆ తరువాత ఎప్పటి నుంచో ముక్కు దిబ్బడతో ఉన్న ఒక లెక్చరరు, ముందురోజే టైము తీసుకుని, చేతిలో పుస్తకంతో వచ్చాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ రంగమ్మ బెంచీ మీంచి సగం లేచేది.

"పాపా, పొద్దున్నే వచ్చినోళ్లం మేం. వాళ్ల మిషను యేరే, మా మిషను యేరేనా?"

"వాళ్లకు అరవై నిండలేదవ్వా."

"నిండకపోతే ముందర, నిండితే యెనకా? సంతలో ఎద్దులకు గూడా ఇదే కత. పండ్లు సూసి పక్కన కట్టేస్తారు."

"గమ్మునుండు మే" అంది ఏసమ్మ. ఆమె గొంతు పొద్దుటి కంటే తగ్గింది. "ఆ పాప ఏం జేస్తాది? రాసుండాది గదా ఆడ."

మంజుల తలుపు మూసుకుంది. లెక్చరరు బల్ల మీద పడుకుని, ఫ్యాను కొంచెం తగ్గించమన్నాడు.

నాలుగున్నరకు బెంచీ ఖాళీగా ఉంది. ఏసమ్మను పైన పరిశీలన వార్డులో పడుకోబెట్టారని ఆయా చెప్పింది. రిపోర్టు ఇంకా రాలేదు. మంజుల డ్యూటీ ఐదింటికి అయిపోతుంది. ఐదున్నర బస్సు పోతే తరువాతి బస్సులో ఆళ్లగడ్డ దాకా నిలబడి పోవాలి. ఆమె సంచి భుజానికి తగిలించుకుని, వార్డులో ఇవ్వవలసిన రెండు ఫిల్ము కవర్లు పట్టుకుని మెట్లెక్కింది.

కిటికీ పక్క మంచం మీద ఏసమ్మ ఎడమ వైపుకు తిరిగి, మోకాళ్లు గడ్డం దాకా ముడుచుకుని పడుకుంది. కదలడం లేదు. పక్క మంచం వాళ్లు ఇనుప బల్ల జరిపితే, ఆ కుదుపుకు కళ్లు మాత్రం గట్టిగా మూసుకుంది. రంగమ్మ ఆమె నడుము దగ్గర కొంగు ముడి విప్పుతోంది. ముడిలోంచి న్యూస్‌పేపరు ముక్కతో చుట్టిన చిన్న పొట్లం తీసింది. విప్పింది. నాలుగు బిళ్లలు. ఒకటి పెద్దది, తెల్లది. ఒకటి పసుపుపచ్చది. ఒకటి గులాబీ రంగుది. ఒకటి చాలా చిన్నది, తెల్లది.

మంజుల చేతిలోని కవర్లు అట్లాగే ఉన్నాయి. ఆ నాలుగు బిళ్లలూ ఆమెకు తెలుసు. లంగా జాకెట్టు వేసుకునే వయసులో రోజూ పొద్దున్నే అంగడికి పరుగెత్తి, అమ్మకు అవే తెచ్చేది. తెచ్చేదారిలో రంగుల కోసం పొట్లం విప్పి చూసుకునేది.

రంగమ్మ నాలుగూ ఏసమ్మ నోట్లో వేసి సీసా ఎత్తింది. "మింగు. పొట్లం పడితే సర్దుకుంటాది."

"అవ్వా, అదేంది?"

"పొట్లం పాపా."

"పొద్దున మందులేమీ లేవంటిరి గదా?"

రంగమ్మ ఆమె వంక విచిత్రంగా చూసింది. "ఇది మందేంది? పనికి పొయ్యేటప్పుడు ఏసుకునేది. గుంపులో అందరూ ఏసుకుంటారు. ఏసుకోకుంటే నడుం వంగుతాదా, మోకాలు మడుస్తాదా?"

"ఎన్నేండ్ల నుంచి?"

"పదో, పన్నెండో. నువ్వెప్పుడు మొదలు పెడ్తివి మే?"

ఏసమ్మ కళ్లు తెరవకుండానే పెదవులు కదిపింది. "మా ఆయప్ప సచ్చిపోయిన ఏడు."

"రోజూనా?"

"పని ఉన్నపొద్దల్లా. పని లేనిపొద్దు అర పొట్లం."

మంజుల ఖాళీ కాగితం ముక్క రంగమ్మ చేతిలోంచి తీసుకుంది. రంగమ్మ సంచిలో ఇంకో పొట్లం ఉందంటే అదీ అడిగి తీసుకుంది. మెట్లు దిగుతున్నప్పుడు సంచి భుజం మీంచి జారిపోతున్నా సరిచేసుకోలేదు.

ఎమర్జెన్సీలో అజయ్ కుమార్ ఒకరికి కుట్లు వేస్తున్నాడు. ఆమె పొట్లం అతని ముందు విప్పి పట్టుకుంది. అతను గ్లౌజుల చేతులు పైకెత్తి, వంగి చూశాడు.

"ఎవరివి?"

"ఏసమ్మవి సార్. పదేండ్లపైగా రోజూ వేసుకుంటోంది. మందులు లేవని నేను రాసినాను. ఆమె దృష్టిలో ఇది మందు కాదు సార్."

అతను చిన్న తెల్ల బిళ్లను గడ్డంతో చూపించాడు. "ఇది స్టిరాయిడ్ అయుంటుంది. మిగతావి నొప్పి బిళ్లలు. నొప్పి బిళ్లలు పొట్టలో పుండు చేస్తాయి. ఇది ఆ పుండు నొప్పిని, జ్వరాన్ని, కడుపు బిగుసుకోవడాన్ని, అన్నిటినీ కప్పేస్తుంది." అతను సూది పక్కన పెట్టాడు. "అసలే ముసలి ఒళ్లు. ఇవి కూడా పడుతుంటే కడుపు మెత్తగా ఉందన్న మాటకు అర్థమే లేదు. ఇప్పుడే తీయండి. కాంట్రాస్ట్ మందు ఎక్కించొద్దు, ఉత్త స్కానే చాలు. నేను రాసిస్తా."

సీటీ గదిలో కృష్ణస్వామి సాయంత్రం మనిషికి పని అప్పగించడానికి రిజిస్టరు రాస్తున్నాడు. ఆయన మంజులకు పై ఉద్యోగి. రెండేళ్లలో రిటైరవుతాడు. అహోబిలం ఆయన సొంత ఊరు. అన్నదమ్ములు ఇప్పటికీ గుడి కైంకర్యంలోనే ఉన్నారు. ఆయన కూడా ప్రతి పనీ పూజలాగే చేస్తాడని, వరసలో ఒకటి తప్పినా మొదటికి వస్తాడని ఆసుపత్రిలో చెప్పుకుంటారు. డాక్టరు రాసిన కొత్త కాగితం చదివి బల్ల మీద పెట్టాడు.

"రిపోర్టు యాడ?"

"రాలేదు సార్. కాంట్రాస్ట్ లేకుండా తీయమన్నారు."

"మంజులా, నాలుగేండ్ల కింద ఒక పెద్దాయనకు రిపోర్టు చూడకుండా కాంట్రాస్ట్ ఎక్కించినాం. కిడ్నీలు పోయినాయి. నాలుగు నెలలు విచారణ. ఆయన కొడుకు గేటు కాడ నిలబడి నా పేరు పెట్టి తిట్టినాడు. ఆ పొద్దు రాసిన అట్ట ఇది." ఆయన గొంతు పెంచలేదు. "చదువు. రెండోది."

ఆమె గోడ వైపు తిరిగింది. "అరవై దాటినవారికి క్రియాటినిన్ రిపోర్టు వచ్చేవరకు ఆగాలి."

"ఆ."

"కాంట్రాస్ట్ ఎక్కించేటట్టయితే అని లేదు సార్ ఇందులో."

కృష్ణస్వామి కలం మూత పెట్టాడు. లేచి అట్ట దగ్గరికి వచ్చాడు. కళ్లద్దాలు పైకి జరుపుకుని, వేలు కింద పెట్టి, తన రాతను తానే మొదటిసారి చూస్తున్నట్టు చదివాడు. తిరిగి మొదటి నుంచి చదివాడు. నుదుటి మీద తిరునామం చెమటకు కొంచెం కరిగింది.

"ఆ మాట ఉంటాదనుకున్నా" అన్నాడు చివరికి.

నాలుగేళ్లలో ఆ బెంచీ మీద ఎంతమంది ముసలివాళ్లు ఆగారో ఆయన లెక్క వేస్తున్నాడా అని మంజులకు అనిపించింది.

"మనిషిని తెప్పియ్యి" అన్నాడాయన. "దుప్పటి నేను పరుస్తా."

నలుగురు పట్టుకుని ఏసమ్మను బల్ల మీదికి మార్చారు. రవికె పిన్నీసు తీశారు. మెడలో నల్లదారానికి చిన్న సిలువ ఉంది.

"ఇది గూడా తియ్యాల్నా పాపా?"

"అది కడుపు కాడికి రాదులే అవ్వా. ఉండనీ."

రెండు చేతులూ తల పైకి పెట్టించింది. ఎండిన బురద గోళ్లు తెల్ల దుప్పటి మీద నల్లగా కనపడ్డాయి. "ఇంగ ఊపిరి. నారుకట్ట ఎత్తేటప్పుడు గట్టిగా పీల్చి బిగపడతావు సూడు, అట్ల బిగపట్టాల. నేను చెప్పినప్పుడు ఇడిసిపెట్టు."

"బరువెత్తకుండానే బిగపట్టాల్నా?" అంది ఏసమ్మ. "సరే."

మంజుల అద్దం వెనక్కి పోయి మైకు నొక్కింది. యంత్రంలో రికార్డు చేసిన గొంతు ఒకటి ఉంది. దాన్ని ఆపేసి తనే చెప్పింది. "పీల్చు అవ్వా. బిగపట్టు." బల్ల కదిలింది. తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే పై నుంచి కిందికి దిగసాగాయి. గుండె అడుగు. కాలేయం. అక్కడ ఆమె వేలు ఆగిపోయింది.

వెల్లకిలా పడుకున్న మనిషి పొట్టలో గాలి ఉంటే పేగుల లోపలే ఉండాలి. ఇక్కడ కాలేయానికి ముందు, పొట్ట గోడను అంటుకుని, కొడవలి వంపులా నల్లటి గాలి నిలిచి ఉంది. దాని కింద పేగుల మధ్య బూడిదరంగు నీళ్లు. ఉదయం పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో దొరకనిది, ఇందులో పిల్లలు కూడా వేలు పెట్టి చూపించేంత స్పష్టంగా ఉంది.

వెనక నిలబడ్డ కృష్ణస్వామి తనే ఫోన్ తీసి, స్కానులు చదివే డాక్టర్ శ్రీవిద్యను పిలిచాడు. ఆమె వచ్చి, కూర్చోకుండానే చూసింది.

"పొట్టలో పుండు పగిలింది. పగిలి ఒక రోజు దాటినట్టుంది. సర్జన్‌ను పిలవండి."

"ఇడిసిపెట్టు అవ్వా" అని చెప్పడం మరిచిపోయానని మంజులకు అప్పుడు గుర్తొచ్చింది. మైకు నొక్కింది. ఏసమ్మ ఎప్పుడో ఊపిరి వదిలేసి చిన్నగా మూలుగుతోంది. అంతసేపట్లో అదే మొదటి మూలుగు.

లోపలికి పోయి చేతులు కిందికి దించుతుంటే ఏసమ్మ అడిగింది. "పొటో బాగొచ్చిందా పాపా?"

"బాగొచ్చింది అవ్వా."

"రంగమ్మకు సూపియ్యి. లేకుంటే నమ్మదు."

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. కొడుకు జయరాజు బేతంచెర్ల నాపరాళ్ల పని నుంచి నేరుగా వచ్చాడు. సంతకం పెడుతుంటే అతని ముంజేతి మీది తెల్లటి రాతిపొడి కాగితం మీద రాలింది. దాన్ని ఊది తుడిచి, సారీ సార్, అన్నాడు. మంజుల ఆఖరి బస్సులో పోయింది.

బుధవారం ఐసీయూ తలుపు గాజులోంచి చూసింది. ఏసమ్మ నోట్లో గొట్టం ఉంది. చేతులు రెండూ మంచం పట్టీకి గుడ్డతో కట్టి ఉన్నాయి. ఎవరో గోళ్లు శుభ్రం చేశారు.

వసారాలో అజయ్ కుమార్ ఎదురయ్యాడు. "చీము పొట్టంతా పాకింది. నిన్న పొద్దున్నే అయుంటే..." అని, ఆమె ముఖం చూసి ఆగాడు. "నేను కూడా పోయి ఆమెనే ఇంకోసారి అడగాల్సింది. ఫోన్లో నిన్ను అడిగి ఊరుకున్నాను."

"నేను రాసింది చూసే కదా సార్ మీరు ఆగింది."

అతను ఐసీయూ తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

గురువారం తెల్లవారి ఏసమ్మ చనిపోయింది.

శుక్రవారం మంజుల సెలవు పెట్టి ఆళ్లగడ్డ నుంచి ఆటోలో దొర్నిపాడు పోయింది. పాస్టరు ప్రార్థన ముగించేసరికి చినుకులు మొదలయ్యాయి. సమాధి తోటకు పోయేదారికి రెండు వైపులా మళ్లు. సగం నాటి వదిలేసినవి. గుంపులోని ఆడవాళ్లు పెట్టె వెనక వరసగా, మడిలో నడిచే అలవాటున, ఒకరి అడుగులో ఒకరు అడుగు వేసుకుంటూ నడిచారు. మన్ను వేశాక అందరూ తిరిగిపోతుంటే రంగమ్మ ఒక్కతే ఉండిపోయింది. మంజుల ఆమె దగ్గరికి పోయి నిలబడింది.

"వచ్చినావా పాపా."

"వచ్చినా అవ్వా."

రంగమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒక మాట అడుగుతా, చదువుకున్నదానివి, నిజం చెప్పు. ఆ పొట్లం నేనే నోట్లో ఏసినా. కడాపటిది. దాంతోనేనా పొయ్యింది?"

"కాదు అవ్వా. ఆ పుండు ముందే పగిలిపోయింది. గనిమ మీద కూసున్నపొద్దే పగిలింది."

రంగమ్మ వంగి, సమాధి మన్నులో ఒక గడ్డను వేళ్లతో చిదిపింది. చినుకులకు ఆ మన్ను మీద చిన్న చిన్న గుంటలు పడుతున్నాయి.

"గనిమ మీద కూసునిందని మీకు చెప్తిని గదా" అంది. గొంతులో కోపం లేదు. "పొద్దున్నే. ఫస్టు మాట అదే చెప్తిని."

మంజులకు మోకాలి మీద పెట్టుకున్న ఫారం కళ్ల ముందు కనపడింది. గడి లేదని రాయని మాట.

"చెప్తివి అవ్వా" అంది.

"నవ్వితివి నువ్వు."

"నవ్వినా."

రంగమ్మ తల ఊపింది. చెప్పులు చేతిలో పట్టుకుని గట్టు మీంచి ఊళ్లోకి నడిచింది. రేపు నాట్లు ఉన్నాయి. నీళ్లు వదిలిన మడి ఎవరి కోసమూ ఆగదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ లూదియా పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. మంజుల గడప మీద కూర్చుని చెప్పులు విప్పింది.

"అమ్మా, నువ్వు మందులేమన్నా వాడతాండావా?"

"నాకేం మందులే? బాగనే ఉండా గదా."

అరచేతుల కింద రొట్టె గుండ్రంగా పెద్దదవుతోంది. మంజుల కాసేపు చూసింది. తను డిగ్రీ చదివిన మూడేళ్లూ, ఉద్యోగం చేసిన రెండేళ్లూ, ఈ చేతులు అట్లాగే తిరుగుతూ ఉన్నాయి. ఆ చేతులు నొప్పెడతాయని అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

"పనికి పొయ్యేముందు ఏం మింగుతావు?"

లూదియా చేతులు ఆగాయి. రొట్టె అంచు ఒకచోట చీలింది. ఆమె కూతురి వంక చూడకుండా ఉప్పు డబ్బా వైపు చూసింది.

"అది మందు కాదు గదే" అంది.

మంజుల లేచి ఉప్పు డబ్బా పక్కకు జరిపింది. వెనక మూడు పొట్లాలున్నాయి. న్యూస్‌పేపరు కొత్తది, ఈ వారందే. వాటిని చేతిలోకి తీసుకుని, ఎన్నేళ్లుగా అని అడగబోయి ఆగింది. అంగడికి పరుగెత్తినది తనే. ఆ లెక్క తనకే తెలుసు.

"రేపు నాతో నంద్యాల రావాల నువ్వు. డాక్టరుకు సూపిద్దాం."

"రేపు పని పోతాది."

"పోనీ. ఇవి మాత్రం నీయంతకు నువ్వు ఒక్కసారిగా ఆపొద్దు. అదీ ఆయన్నే అడుగుదాం."

లూదియా చీలిన అంచును తడి వేలితో అతికించింది. "బువ్వ పొద్దు లోపల వస్తామా?" అని మాత్రం అడిగింది.

సోమవారం మంజుల గది తలుపు తీసేసరికి లోపల దీపం వెలుగుతోంది. కృష్ణస్వామి ముందే వచ్చాడు. గోడ మీద పాత అట్ట లేదు. బల్ల మీద కొత్త అట్ట ఉంది. ఒకటి నుంచి మూడు దాకా రాశాడు. రెండోది ఇప్పుడు 'కాంట్రాస్ట్ ఎక్కించేటట్టయితే' అన్న మాటతో మొదలవుతోంది. ఆ మాటను మిగతా మాటల కంటే పెద్దగా రాశాడు. నాలుగు అంకె వేసి ఖాళీ వదిలాడు.

"ఇది నువ్వు రాయి" అని కలం ఆమె వైపు జరిపాడు. "మా ఇండ్లలో పొట్లం ఎరగరు. ఆ ప్రశ్న ఎట్లడగాల్నో నాకు తెలీదు."

మంజుల నిలబడే రాసింది. చేతిరాత ఆయనది కాదు, తనదే. కొంచెం వంకరగా వచ్చింది.

'మందులు వాడుతున్నారా అని అడిగి ఊరుకోకూడదు. పనికి పోయేముందు ఏం మింగుతారు అని అడగాలి. ఎప్పుడూ చేయని పని ఏదైనా చేశారా అని వెంట వచ్చినవారిని అడగాలి. వారు చెప్పిన మొదటి మాట అట్లాగే రాయాలి.'

కృష్ణస్వామి చదివి, మార్చకుండా, ఐదో అంకె వేశాడు.

తొమ్మిదికి బెంచీ మీద ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. భార్య పక్కన నిలబడింది. కడుపు నొప్పి, కొంచెమే అన్నాడు. మందులు ఏమీ లేవన్నాడు. మంజుల ఆయన ముందు మోకాలి మీద కూర్చుని నాలుగోది అడిగింది. ముసలాయన కాసేపు ఆలోచించి, పంచె రొండిన చెయ్యి పెట్టి, న్యూస్‌పేపరు చుట్టిన చిన్న పొట్లం తీశాడు.

"ఇదా పాపా?" అన్నాడు. "ఇది మందు కాదే."

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు ఉంటారు. వాళ్లలో ఎవరైనా కొంచెం నొప్పిగా ఉందని మెల్లగా చెప్పి గమ్మున కూర్చుంటే, ఏం మింగుతున్నారో వాళ్లను ఒకసారి అడగండి. అడిగేటప్పుడు దొర్నిపాడు ఏసమ్మను గుర్తు చేసుకోండి. ఇరవై ఏళ్లు నడుం ఎత్తకుండా నాటు వేసి, ఒక్కరోజు మాత్రం గట్టు మీద కూర్చున్న మనిషి ఆమె.